నలుగురి యుద్ధం, హైదర్ ఒక్కడి భారం

నాటో కూటమిలో ఏ దేశం ఎంత ఖర్చు పెడుతోందన్న తగవు ఏటా వార్తల్లోకి వస్తోంది. జాతీయోత్పత్తిలో 2 శాతం రక్షణకు కేటాయించే దిశగా అందరూ సాగాలని 2014లో వేల్స్‌ సమావేశంలో అనుకున్నారు. పదేళ్లు గడిచి 2024 వచ్చినా ఆ గీత దాటని దేశాలు మిగిలే ఉండేవి. పెద్ద వాటా మోస్తున్న అమెరికా లెక్క అడుగుతుంది, మిగతావాళ్లు వాయిదాలు చెబుతారు. మనం దీన్ని యూరప్ ఇంటి గొడవగా చూసి పేజీ తిప్పేస్తాం. ఈ వార్త చదివినప్పుడల్లా నాకు మాత్రం 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో ప్రాణం విడిచిన హైదర్ అలీ గుర్తుకొస్తాడు. నాలుగు పక్షాలు కలిసి చేయాల్సిన యుద్ధాన్ని రెండున్నరేళ్లపాటు కర్ణాటక నేల మీద దాదాపు ఒంటిచేత్తో నడిపిన మనిషి అతను.

క్యాడెట్ రోజుల్లో కూటమి యుద్ధాల గురించి నేను చదివినదంతా నెపోలియన్ కాలం నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా సాగేది. దక్షిణాదిలో జరిగిన ఈ కథ జోలికి వెళ్లింది చాలా ఆలస్యంగా, యూనిఫాం విప్పాకే. మిత్రుల మధ్య భారం ఎలా పంచుకుంటారు, ఎలా తప్పించుకుంటారు అన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మన చరిత్రలో నాకు కనిపించలేదు.

హైదర్ పుట్టింది ఇప్పటి కోలారు జిల్లాలోని బుడికోటలో. తండ్రి ఫతే మహమ్మద్ సైనికుడు, యుద్ధంలోనే పోయాడు. అప్పటికి హైదర్ చిన్నపిల్లవాడు. చదువు అబ్బలేదు. సంతకం అవసరమైతే పేరులోని మొదటి అక్షరాన్ని తిరగేసి గీసేవాడని చెబుతారు. మాట్లాడటానికి మాత్రం కన్నడం, తెలుగు, మరాఠీ, తమిళం, హిందుస్థానీ వచ్చు. 1749లో దేవనహళ్లి ముట్టడిలో మైసూరు పెద్దల కంటపడ్డాడు. 1755లో దిండిగల్ ఫౌజుదారు అయ్యాడు, ఫ్రెంచి నిపుణులను పిలిపించి ఫిరంగుల పని మొదలుపెట్టాడు. 1761 నాటికి ఒడయార్ రాజు గద్దె మీద ఉండగానే అధికారమంతా హైదర్ చేతికి వచ్చింది. 1763లో బెదనూరు పట్టుకోవడంతో ఖజానా నిండింది.

మిత్రులంటే ఏమిటో అతనికి తొందరగానే తెలిసొచ్చింది. 1767లో ఇంగ్లీషు కంపెనీతో మొదటి యుద్ధం వచ్చినప్పుడు హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ మొదట కంపెనీ వైపు ఉండి, కొద్ది నెలల్లోనే హైదర్‌తో చేతులు కలిపాడు. చెంగం, తిరువణ్ణామలైలలో దెబ్బ తగిలాక 1768 ఫిబ్రవరిలో మళ్లీ కంపెనీతో సంధి చేసుకుని తన దారిన తాను పోయాడు. హైదర్ ఒంటరిగా పోరు సాగించి, 1769 మార్చిలో ఆశ్విక దళంతో మద్రాసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు కుదిరిన సంధిలో ఒక ముఖ్యమైన షరతు ఉంది. ఒకరిపై మూడోవారు దాడి చేస్తే రెండోవారు సైన్యం పంపాలి. ఏడాది తిరగకముందే పీష్వా మాధవరావు మైసూరు మీద పడ్డాడు. హైదర్ కబురు మీద కబురు పంపాడు. కంపెనీ కదల్లేదు. 1771 మార్చిలో మేల్కోటె దగ్గరి చిన్‌కురళిలో అతని సైన్యం చెల్లాచెదురైంది. 1772లో సొమ్ము, భూమి ఇచ్చి బయటపడ్డాడు. సంధిపత్రంలో రాసిన సైన్యం వేరు, దారి పట్టి వచ్చే సైన్యం వేరు. ఈ సంగతి హైదర్ కంటే ఖరీదుగా నేర్చుకున్నవాళ్లు ఆ కాలంలో అరుదు.

మాధవరావు చనిపోయాక పుణెలో వారసత్వపు కలహం మొదలైంది. ఆ సందులో హైదర్ పోగొట్టుకున్నదంతా వెనక్కి లాక్కుని, ఇంకా ముందుకు వచ్చాడు. 1776లో మురారిరావు నుంచి గుత్తి కోట, 1779లో నవాబు నుంచి కడప తీసుకున్నాడు. తుంగభద్ర, కృష్ణ మధ్య ప్రాంతంలో తన పట్టు బిగించాడు. ఇప్పటి రాయలసీమలో పెద్ద భాగం అతని ఏలుబడిలోకి వచ్చింది ఈ మూడు నాలుగేళ్లలోనే.

కూటమికి నిప్పు రాజుకున్నది గుంటూరులో. గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు, ఆదోని పాలకుడు బసాలత్ జంగ్ చేతిలో ఉండేది. 1779లో మద్రాసు గవర్నరు రంబోల్డ్ అన్నగారిని అడగకుండా తమ్ముడితో ఒప్పందం చేసుకుని గుంటూరును తీసుకున్నాడు, దాన్ని ఆర్కాటు నవాబుకు కౌలుకిచ్చాడు. బదులుగా బసాలత్ జంగ్‌కు సాయంగా ఒక దళాన్ని ఆదోనికి బయల్దేరదీశాడు. ఆ దళం దారి హైదర్ కొత్తగా గెలిచిన కడప నేల మీదుగా. హైదర్ అడ్డుకున్నాడు. అదే ఏడాది మార్చిలో, తన రక్షణలో ఉందని అతను చెబుతున్నా వినకుండా, కంపెనీ ఫ్రెంచివారి మాహే రేవును పట్టుకుంది. అతని తుపాకులు, మందుగుండు దిగేది ఆ రేవులోనే. ఇక మరాఠాలు 1775 నుంచి బొంబాయి కంపెనీతో యుద్ధంలోనే ఉన్నారు. ముగ్గురికీ ఒకే శత్రువు మిగిలాడు.

1780 తొలి నెలల్లో మాట కుదిరింది. పుణెలో నానా ఫడ్నవీసు, హైదరాబాద్‌లో నిజాం, నాగపూర్‌లో భోంస్లే, శ్రీరంగపట్నంలో హైదర్. మరాఠాలు బొంబాయి, గుజరాత్, మాళవ వైపు చూసుకోవాలి. భోంస్లే ఒడిశా మీదుగా బెంగాల్‌లో దిగాలి. నిజాం ఉత్తర సర్కారులపై, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న మన తీరంపై పడాలి. హైదర్ వంతు కర్ణాటకం, మద్రాసు. కృష్ణ దాకా హైదర్ గెలిచిన భూమి మీద అతని హక్కును పుణె ఒప్పుకుంది.

పటం మీద ఈ పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నాలుగు దిక్కుల నుంచి ఒకేసారి కదిలితే కంపెనీకి నాలుగు చోట్లకూ సరిపడా సైన్యం లేదు, డబ్బూ లేదు. లోపమంతా పటం బయట ఉంది. ఎవరు ఏ తేదీకి కదలాలి, కదలకపోతే ఏమిటి, ఎవరి సైన్యం ఎంత, ఒకరు సంధికి పోతే మిగతావారి గతేమిటి అని తేల్చే పెద్దరికం ఎవరి చేతిలోనూ లేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు మనవాళ్లు. పైగా హైదర్‌కు దక్కాల్సిన ప్రతిఫలం ముందే దక్కింది. నిజాంకు, భోంస్లేకు దక్కాల్సినవి ఇంకా గాలిలో ఉన్నాయి. ముందే అందుకున్నవాడు ముందు దిగాలి, తప్పదు.

దిగాడు. 1780 జులైలో చెంగం కనుమ గుండా 80,000 నుంచి 90,000 మంది, సుమారు వంద ఫిరంగులు మైదానంలోకి వచ్చాయి. అప్పటికి హైదర్‌కు అరవై ఏళ్లు అటూ ఇటూ. ఫిరంగులను లాగింది మైసూరు రాజుల కాలం నుంచి జాగ్రత్తగా పెంచుతూ వచ్చిన ఎడ్ల జాతి. అంత బరువును అంత వేగంగా కదిలించగల పశువులు కంపెనీకి లేవు. మద్రాసు ప్రభుత్వం కూడబెట్టిన బియ్యం లేదు, బండ్లు లేవు. కొద్ది రోజుల్లో మద్రాసు శివారు నుంచే ఊళ్లు తగలబడుతున్న పొగ కనిపించింది.

గుంటూరులో ఉన్న కర్నల్ బెయిలీ దళాన్ని ఉన్నపళంగా దక్షిణానికి పిలిచారు. ఆగస్టు 25న అతను కొర్తలయారు నది ఒడ్డుకు చేరి, దాటకుండా ఈవలి గట్టునే బస చేశాడు. రాత్రికి వరద వచ్చింది. పది రోజులు అక్కడే చిక్కుకున్నాడు. నది దాటాకే డేరా వేయాలన్నది మా వృత్తిలో మొదటి ఏడాది నేర్పే పాఠం. సెప్టెంబరు 10న కంచికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని పొల్లిలూరులో హైదర్, టిప్పు కలిసి ఆ దళాన్ని చుట్టుముట్టారు. బాణాలని పిలిచే మైసూరు రాకెట్లు, ఫిరంగులు కురిశాయి. మందుగుండు బండ్లు పేలిపోయాయి. నాలుగు వేలకు కాస్త తక్కువగా ఉన్న దళంలో చచ్చినవాళ్లు చావగా మిగిలినవాళ్లు బెయిలీతో సహా బందీలయ్యారు. కంచిలో ఉన్న జనరల్ మన్రో తన పెద్ద ఫిరంగులను కోనేట్లోకి తోయించి మద్రాసుకు పరుగెత్తాడు. భారతదేశంలో కంపెనీకి అప్పటిదాకా అంతటి ఓటమి లేదు. నవంబరు మొదట్లో ఆర్కాటు కూడా హైదర్ చేతికి వచ్చింది.

శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఈ యుద్ధం పెద్ద చిత్రంగా ఉంది. పల్లకీలో బెయిలీ, పేలుతున్న మందుగుండు బండి, ఏనుగుల మీద హైదర్, టిప్పు. పక్కన, అంతా ముగిశాక సైన్యంతో వస్తున్న నిజాం. అక్కడి గైడ్లు ఆ భాగాన్ని నిజాంను వెక్కిరించడానికి వేసిన బొమ్మగా చెబుతారు. నిజానికి చిత్రకారుడు నిజాంకు కొంత మర్యాదే చేశాడు. ఆ యుద్ధానికి నిజాం ఆలస్యంగా కూడా రాలేదు.

ఎందుకు రాలేదన్నది కలకత్తాలో తేలింది. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ గుంటూరును తిరిగి ఇచ్చేయమని మద్రాసుకు ఆజ్ఞాపించాడు. అప్పటి మద్రాసు గవర్నరు నానబెడితే అతన్ని పదవి నుంచి తప్పించాడు. గుంటూరు వెనక్కి రావడంతో నిజాం కోపం చల్లారింది. కూటమిలో పేరు ఉంచుకుని చేతులు ముడుచుకున్నాడు. అతను కదలాల్సిన ఉత్తర సర్కారుల పరిస్థితి ఆ రోజుల్లో ఎలా ఉందంటే, 1780 అక్టోబరులో విశాఖపట్నంలోని సిపాయిలు హైదర్ మీదికి వెళ్లడానికి ఓడ ఎక్కబోమని తిరగబడి కొందరు అధికారులను చంపేశారు. తీరం అంత బలహీనంగా ఉన్న వేళ హైదరాబాద్ నుంచి పదివేల గుర్రం కదిలినా మద్రాసుకు ఉత్తరాన దారి మూసుకుపోయేది.

ఆ దారి ఎంత ముఖ్యమో మరుసటి ఏడాది తెలిసింది. బెంగాల్ నుంచి కర్నల్ పియర్స్ ఒక సిపాయి దళంతో 1781 జనవరిలో నడక మొదలుపెట్టాడు. దారికి అడ్డంగా కటక్‌లో 30,000 గుర్రంతో భోంస్లే కొడుకు చిమ్నాజీ ఉన్నాడు. అతను బెంగాల్ మీద పడాల్సినవాడు. నాగపూర్‌లో బయల్దేరింది మొదలు తీరిగ్గా నడిచి కటక్‌లో కూర్చున్నాడు. హేస్టింగ్స్ దఫాలవారీగా లక్షల రూపాయలు అందించాడు. చిమ్నాజీ బెంగాల్ వైపు చూడలేదు సరికదా, పియర్స్‌కు దారి ఇచ్చాడు. గంజాం దగ్గర కలరా సోకి వందలమంది పడిపోయినా, ఆ దళం విశాఖ తీరం, గోదావరి, కృష్ణ, నెల్లూరు మీదుగా నడిచి 1781 ఆగస్టులో హైదర్‌కు ఎదురుగా నిలిచింది. ఇద్దరు మిత్రులు తలో చోట కాపలా కాయాల్సిన ఏడెనిమిది వందల మైళ్ల దారి అది. దాని మీద శత్రువు సైన్యం నిక్షేపంగా నడిచి వచ్చింది.

మరాఠాలను ఈ ఇద్దరి గాటన కట్టడం న్యాయం కాదు. పుణె సైన్యం హైదర్ కంటే అయిదేళ్ల ముందు నుంచి పోరాడుతోంది. 1779 జనవరిలో వడ్గావ్‌లో కంపెనీ దళాన్ని లొంగదీసింది వాళ్లే. 1780లో అహ్మదాబాద్, గ్వాలియర్, వసై కోటలు పోగొట్టుకున్నా, 1781 ఏప్రిల్‌లో పుణె మీదికి వచ్చిన జనరల్ గొడార్డ్‌ను భోర్ ఘాట్ నుంచి వెనక్కి తరిమారు. పుణె వైపు నుంచి చూస్తే అసలు ఆలస్యంగా వచ్చింది హైదరే. వాళ్లు ఇంట్లో కొట్టుకుంటున్నప్పుడు కృష్ణ దాకా ఆక్రమించి, ఆ భూమికి హక్కు రాయించుకున్నాకే కదిలాడు. కూటమిలో ప్రతివాడి లెక్కలోనూ తాను మోసిందే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ లెక్కలన్నీ పూర్తిగా అబద్ధాలూ కావు.

కంపెనీలోనూ భారం సమానంగా లేదు. మద్రాసు, బొంబాయి చేసిన తప్పులకు బెంగాల్ ఖజానా చెల్లించింది. ముసలి సేనాని అయిర్ కూట్‌ను, మనుషులను, 15 లక్షల రూపాయలను ఓడల్లో పంపింది కలకత్తాయే. తేడా ఏమిటంటే, 1773 చట్టం ప్రకారం యుద్ధం, సంధి విషయాల్లో మద్రాసు, బొంబాయిలపై కలకత్తాకు అదుపు ఉంది. వినని గవర్నరును ఇంటికి పంపగలదు. ఇక ఆ 15 లక్షలూ మిగతా ఖర్చూ ఎక్కడి నుంచి వచ్చాయన్నది మరో కథ. కాశీ రాజా చేత్ సింగ్ నుంచి యుద్ధం పేరిట ఏటా 5 లక్షలు అదనంగా గుంజారు, పైగా ఆశ్విక దళం అడిగారు. 1781లో అతను ఎదురు తిరిగి రాజ్యం పోగొట్టుకున్నాడు. అవధ్ బేగముల ధనాగారానికీ అదే గతి. ఆర్కాటు నవాబు 1781 డిసెంబరులో తన రాబడి మొత్తం కంపెనీకి రాసిచ్చాడు. వీళ్లంతా కంపెనీకి మిత్రులే. ఆ పక్షంలో చిన్న మిత్రులు భారం తప్పించుకునే వీలే లేదు.

హైదర్‌కు మిగిలిన ఆశ ఫ్రెంచివాళ్లు. 1781 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కూట్ కడలూరు దగ్గర తిండిగింజలకు మొహం వాచి ఉన్నాడు. అతన్ని బతికించగలిగింది సముద్రం ఒక్కటే. సరిగ్గా అప్పుడే దోర్వ్ నాయకత్వంలో ఫ్రెంచి నౌకాదళం తీరంలో కనిపించింది. ఇంగ్లీషు నౌకలు పడమటి తీరంలో ఉన్నాయి. ఫ్రెంచి ఓడలు కొన్ని వారాలు అక్కడే నిలబడితే కూట్ సైన్యం ఆకలితో లొంగేది. ఫిబ్రవరి మధ్యలో దోర్వ్ లంగరెత్తి వెళ్లిపోయాడు. హైదర్ జీవితంలో అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాలేదని నా అభిప్రాయం. జులై 1న పరంగిపేట్టైలో కూట్ చేతిలో హైదర్ గట్టి దెబ్బ తిన్నాడు. ఆగస్టులో మళ్లీ పొల్లిలూరులో, సెప్టెంబరులో షోలింగర్‌లో పోరు జరిగింది. గెలిచినా కూట్ నిలవలేకపోయాడు. అతని దండుకు రెండు మూడు రోజులకు మించి తిండి ఉండేది కాదు. ఓడినా హైదర్ మైదానం విడిచిపోలేదు.

1782లో వచ్చిన సఫ్రెన్ వేరే రకం మనిషి. ఆ ఏడాది ఇంగ్లీషు నౌకాదళంతో నాలుగుసార్లు తలపడ్డాడు. జులైలో కడలూరులో హైదర్ అతన్ని డేరాకు పిలిచి గౌరవించాడు. మార్చిలో దిగిన మూడు వేల లోపు ఫ్రెంచి పదాతి దళం మాత్రం తన పెద్ద సేనాని బుస్సీ వచ్చేదాకా పెద్ద యుద్ధానికి దిగబోమని తప్పించుకు తిరిగింది. వాళ్ల తిండీ, జీతాలూ చాలావరకు హైదర్ మీదే పడ్డాయి.

ఇక్కడ ఏ సంధిపత్రంలోనూ పేరు లేని ఒక పక్షం ఉంది. మద్రాసుకు ఆహారం అందకూడదని హైదర్ చుట్టూ ఉన్న నేలను తగలబెట్టించాడు, చెరువు కట్టలు తెగ్గొట్టించాడు, మనుషులనూ పశువులనూ తోలుకుపోయాడు. 1782లో మద్రాసులో కరవు వచ్చి జనం వీధుల్లో పడి చచ్చారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల్లోని తమిళ, తెలుగు రైతులు పుణెతోనూ కలకత్తాతోనూ ఏ ఒప్పందమూ చేసుకోలేదు. మిత్రులు చేయని పనిని బీభత్సంతో పూడ్చాలని చూశాడు హైదర్. సైనికుడిగా నాకు ఆ ఎత్తుగడ అర్థమవుతుంది. అంతకు మించి దాన్ని సమర్థించలేను.

పొల్లిలూరు గెలుపు హైదర్‌కంటే అతని మిత్రులకే ఎక్కువ లాభం తెచ్చింది. అతను ఎంత గట్టిగా కొడితే వాళ్ల ధర అంత పెరిగింది. 1781 అక్టోబరులో మహాద్‌జీ సింధియా కంపెనీతో విడిగా సర్దుబాటు చేసుకున్నాడు. 1782 మే 17న గ్వాలియర్ దగ్గర సాల్బాయిలో అతని మధ్యవర్తిత్వంతోనే పీష్వాకూ కంపెనీకీ సంధి కుదిరింది. హైదర్ గెలిచిన కంపెనీ, ఆర్కాటు భూములను ఆరు నెలల్లో తిరిగి ఇప్పించే పూచీ పీష్వా తీసుకున్నాడు. అతను దండులో ఉండగానే అతని గెలుపును మిత్రులు రాసిచ్చేశారు. నానా ఫడ్నవీసు మాత్రం ముద్ర వేయకుండా నెలల తరబడి సాగదీశాడు. హైదర్ మైదానంలో ఉన్నంతకాలం బేరం చేయడానికి పుణెకు వీలుందని ఆయనకు తెలుసు. ఒక చేత్తో సంధి, మరో చేత్తో హైదర్‌తో ఉత్తరాలు. దీన్ని నమ్మకద్రోహం అనడం తేలిక. నానా తన రాజ్యానికి చేయాల్సింది చేశాడనే నేను అనుకుంటాను. కూటమి అన్న మాటకు ఆయన ఇచ్చిన విలువ అంతే, పుణెకు పనికొచ్చినంత మేరకే.

అప్పటికే హైదర్ వీపు మీద రాచపుండు ముదిరింది. చివరి నెలల్లో అతను పడమటి తీరం గురించి బెంగపడ్డాడు. అక్కడ కంపెనీ కొత్త దళం దించింది. టిప్పును మలబారుకు పంపాడు. తండ్రి పోయేనాటికి కొడుకు పొన్నాని దగ్గర ఉన్నాడు. పూర్ణయ్య, కృష్ణారావు మరణవార్తను దాచి, శవాన్ని ఖజానా పెట్టెలా కోలారుకు పంపి, దండు యథాప్రకారం నడుస్తున్నట్టు చూపించారు. టిప్పు వచ్చేదాకా సైన్యం చెదరలేదు. అన్ని కులాలు, మతాలు, భాషల వాళ్లున్న దండు అది. నాయకుడు లేని మూడు వారాల పైచిలుకు అలా నిలబడిందంటే హైదర్ కట్టిన యంత్రాంగం ఎలాంటిదో తెలుస్తుంది. మరణవార్త పుణెకు చేరాక, ఆ డిసెంబరులోనే నానా సాల్బాయి సంధికి ముద్ర వేశాడు.

1783 మార్చిలో బుస్సీ దిగాడు. జూన్ నెలాఖరుకు యూరప్‌లో సంధి జరిగిందన్న కబురు రాగానే ఫ్రెంచివాళ్లు ఆయుధాలు దించేశారు. మంగళూరు ముట్టడిలో టిప్పుతో ఉన్న ఫ్రెంచి దళం కూడా పక్కకు తప్పుకుంది. 1784 మార్చి 11న టిప్పు మంగళూరులో ఒంటరిగా సంధి చేసుకున్నాడు. ఎవరి భూములు వాళ్లకు వెళ్లాయి.

నిజాంను ఇంట్లో కూర్చోబెట్టిన గుంటూరును కంపెనీ 1788లో మళ్లీ తీసుకుంది. 1792లో టిప్పు ఓడినప్పుడు నిజాం ఇంగ్లీషు వైపు ఉన్నాడు, వాటాగా కడప వచ్చింది. 1799లో టిప్పు మరణించాక మరికొంత వచ్చింది. 1800లో, హైదరాబాద్‌లో కాపలా ఉన్న కంపెనీ పటాలాల ఖర్చు కింద నిజాం వాటన్నిటినీ కంపెనీకే రాసిచ్చాడు. హైదర్ గెలిచిన గుత్తి, కడప కూడా అందులో పోయాయి. ఆ జిల్లాలకు దత్తమండలాలని పేరు పడింది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పిలుచుకునేదాకా అదే పేరు.